అన్నం విలువ ఎరిగిన ఆంధ్రకేసరి

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు తలచుకోగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది 1928 ఫిబ్రవరి 3వ తేదీ. సైమన్ కమిషన్ రాకకు నిరసనగా ఆనాడు దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసులో హైకోర్టు సమీపాన పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పులలో నేలకొరిగిన పార్థసారథి అనే వ్యక్తిని చూడడానికి వెళ్తున్న పంతులుగారిని తుపాకులు అడ్డగించాయి. ఆయన చొక్కా గుండీలు విప్పి, రొమ్ము చూపి, ముందుకు నడిచారు. ఆ ఘట్టం పాఠ్యపుస్తకాలలోను, పాఠశాల నాటికలలోను స్థిరంగా నిలిచిపోయింది.

ఆ ఒక్క దినపు ధైర్యం ఎంత ప్రసిద్ధమో, ఆయన జీవితమంతటా సాగిన మరొక ప్రయత్నం అంత మరుగున పడింది. అది అన్నానికి సంబంధించినది. పండించిన రైతు నష్టపోకూడదు, కొనుక్కొని తినే పేదవాడు పస్తుండకూడదు. ఈ రెండింటినీ ఏకకాలంలో సాధించడం ఎట్లా అన్నది ఆయనను వెన్నంటి వచ్చిన ప్రశ్న. దానితోపాటే మరొక ప్రశ్న కూడ ఆయన జీవితంలో ఎదురైంది. పదిమంది చేతుల నుండి పోగైన ధనం ఎవరిది, దానిని ఎట్లా వాడాలి? ఈ రెండు ప్రశ్నలూ నేటికీ పాతబడలేదు.

ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెం గ్రామంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పంతులుగారికి పదకొండేళ్ళ వయస్సులో తండ్రి మరణించారు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు పెట్టి సంసారం ఈదారు. ఆ రోజులలో అన్నం అమ్ముకొని బ్రతకడం గౌరవంగా ఎంచేవారు కారు. కాని కోర్టు పనుల మీద, చదువుల కోసం పట్టణానికి వచ్చేవారికి పూటకూళ్ళ ఇల్లు లేకపోతే పూట గడిచేది కాదు. బియ్యం ధర పెరిగితే అక్కడి వారి కంచంలో మెతుకులు తగ్గుతాయి, లేదా నడిపే ఇల్లాలికి మిగులు తగ్గుతుంది. ధాన్యం ధర అనేది కాగితం మీది అంకె కాదని, అది పొయ్యి దగ్గరి సంగతి అని ఆ బాలుడు పుస్తకాల కన్న ముందు వంటింట్లోనే నేర్చుకున్నాడు.

పరీక్ష రుసుముకు మూడు రూపాయలు లేక తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టవలసి వచ్చిందన్న సంగతి ఆయన జీవితగాథ చదివిన వారందరికీ తెలిసినదే. అటువంటి కుటుంబంలోని కుర్రవానికి పై చదువు దక్కడానికి కారణం ఒక ఉపాధ్యాయుడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఈ విద్యార్థిలోని చురుకుదనాన్ని, చొరవను గుర్తించి, తాము రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు వెంట తీసుకువెళ్ళి, తమ ఇంటి బిడ్డవలె చదివించారు. ఒక గురువు చేసిన ఆ సాయమే లేకపోతే తెలుగుజాతికి ఆంధ్రకేసరి దక్కేవాడు కాడు. పరుల అన్నంతో, పరుల ధనంతో తాను పైకి వచ్చానన్న ఎరుక ఆయన నడతలో చివరిదాకా కనిపిస్తుంది.

మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రెండవ తరగతి ప్లీడరుగా రాజమహేంద్రవరంలో పేరు గడించి, అక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షులు కూడ అయ్యారు. హైకోర్టులో వాదించే అర్హత కోసం 1904లో ఇంగ్లండు వెళ్ళారు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు. అక్కడ చదువుతోపాటు, బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేసిన దాదాభాయి నౌరోజీగారి ఎన్నికల ప్రచారంలో పనిచేశారు. 1907లో బారిస్టరుగా తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు. అనతికాలంలోనే రాబడి పెరిగింది, ఆస్తులు సమకూరాయి. పూటకూళ్ళ ఇంటి పిల్లవాడు చెన్నపట్నపు సంపన్నులలో ఒకడైనాడు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటిమంది సభ్యులను చేర్చాలని, ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని అక్కడ తీర్మానించారు. దేశమంతటా ఊరూరా చందాలు వసూలయ్యాయి. ధనికులు వేలు ఇచ్చారు. సామాన్యులు అణాలు ఇచ్చారు. చేతి గాజులు, చెవి కమ్మలు తీసి జోలెలో వేసిన స్త్రీలు ఎందరో ఉన్నారు. స్వాతంత్ర్యోద్యమాన్ని నడిపిన ఇంధనం ఈ చిన్న చిన్న చందాలే. కోటి రూపాయల కన్న, కోటి చేతులు అందులో పాలు పంచుకోవడమే ఆ ఉద్యమానికి అసలు బలం.

ఆ ఏడే పంతులుగారు వేలకు వేలు తెచ్చిపెట్టే వృత్తిని విడిచిపెట్టారు. అక్టోబరు 29వ తేదీన మద్రాసు నుండి ‘స్వరాజ్య’ ఇంగ్లీషు దినపత్రికను ప్రారంభించారు. తరువాత తెలుగు, తమిళ ప్రతులు కూడ వెలువడ్డాయి. ఖాసా సుబ్బారావుగారివంటి సమర్థులు అందులో పనిచేశారు. జీతాలు సకాలంలో అందకపోయినా పత్రికను నమ్ముకొని ఉన్న సిబ్బంది అది. తన సంపాదన చాలక, పంతులుగారు ప్రజల ధనాన్ని ఆశ్రయించారు. ప్రభుత్వ నిర్బంధం, నిధుల లేమి, యజమాని తరచు జైలులో ఉండడం, ఇవన్నీ కలిసి 1930 దశకం మధ్యలో పత్రిక మూతపడింది. ఆస్తులు కరగిపోయాయి. దేశానికి ఇచ్చిన దానికి ఆయన లెక్క రాసుకోలేదు. అది ఆయన గొప్పతనం. లెక్క రాసుకోని ఆ అలవాటే తరువాత ఆయనకు చిక్కులు తెచ్చింది.

1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు పంతులుగారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ గ్రామాల రైతుల బాధలను విచారించే సంఘానికి అధ్యక్షత వహించారు. ఆ సంఘం ఊళ్ళు తిరిగి, రైతుల వాఙ్మూలాలు, జమీందారుల వాదనలు, పాత దస్తావేజులు పరిశీలించి 1938లో నివేదిక సమర్పించింది. భూమికి యజమాని రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేనని అది తేల్చింది. శిస్తులను శాశ్వత పైసలా ఏర్పడిన 1802 నాటి స్థాయికి తగ్గించాలని సిఫారసు చేసింది. చట్టం కాకమునుపే, 1939లో, యుద్ధ సమస్య మీద మంత్రివర్గం రాజీనామా చేసింది. అయినా ఆ నివేదిక వృథా పోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు శిస్తు తగ్గింపు చట్టం, 1948లో జమీందారీ రద్దు చట్టం ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారి ప్రభుత్వ కాలంలో వచ్చాయి. వాటికి పునాది పంతులుగారి నివేదికే.

ఇక ఆయన జీవితంలో అన్నిటికన్న కఠినమైన పరీక్ష 1946లో ఎదురైంది. 1942 ఉద్యమంలో అరెస్టయి, దాదాపు మూడేళ్ళ జైలు జీవితం గడిపి బయటికి వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. చేతిలో పైకం లేదు. వృత్తి లేదు. ఊరూరా ప్రజలు ఆయనను పిలిచి సభలు చేసి నిధులు సమర్పించారు. ఆ నిధులతోనే ఆయన తిరిగారు, కార్యకర్తలను పోషించారు, తానూ జీవించారు. ప్రజలు సభలో సమర్పించిన సొమ్మును నాయకుడు స్వంత అవసరాలకు వాడుకోవచ్చునా అనే వివాదం లేచింది. గాంధీజీ ఈ పద్ధతిని హర్షించలేదు. పంతులుగారి దృష్టిలో అది ప్రజలు తనను చూసి, తన నిర్వాహం కోసం ఇచ్చిన ధనం. గాంధీజీ దృష్టిలో ప్రజల నుండి వచ్చిన ప్రతి కాసూ ప్రజలకు లెక్క చెప్పవలసిన ధనం. ఇరువురూ దేశానికి సర్వస్వం ఇచ్చినవారే. అయినా ఈ విషయంలో గాంధీజీ పక్షాన ఉన్న న్యాయాన్ని కాదనలేము. ఇచ్చేవాడి మనస్సు ఎంత నిర్మలమైనా, తీసుకొనేవాడి చేతులు ఎంత శుద్ధమైనా, పద్దు లేని నిధి అనుమానానికి తావిస్తుంది. చందా పుస్తకం పట్టుకొని నలుగురి గుమ్మాలు తొక్కే ప్రతివారూ గ్రహించవలసిన నీతి ఇది.

ఈ వివాదం నడుమనే, కాంగ్రెసు అధిష్ఠానానికి అంతగా ఇష్టం లేకపోయినా, శాసనసభ్యులు పంతులుగారిని నాయకునిగా ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30వ తేదీన ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. నాటి రాష్ట్రంలో తమిళ, ఆంధ్ర, మలబారు, దక్షిణ కన్నడ ప్రాంతాలన్నీ ఉండేవి. అంతటి రాష్ట్రంలో అప్పుడు మొదటి సమస్య బియ్యం. 1942లో రంగూను జపానువారి వశమైన తరువాత బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. మద్రాసు రాష్ట్రం ఎన్నో ఏళ్ళుగా ఆ బియ్యం మీద ఆధారపడి ఉంది. 1943 బెంగాలు కరవులో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించిన దృశ్యం అందరి కళ్ళ ముందు ఉంది. రేషను కార్డులు, ధాన్యం సేకరణ, ధరల నియంత్రణ యుద్ధకాలంలోనే వచ్చాయి. వాటితోపాటే దొంగ నిల్వలు, నల్లబజారు కూడ వచ్చాయి. ప్రభుత్వం కట్టిన ధర రైతుకు తక్కువ, నల్లబజారు ధర తినేవాడికి మోయలేనంత ఎక్కువ. మధ్యనున్న తేడా ఎవరి సంచిలోకి పోతున్నదో అందరికీ తెలుసు.

దీనికి పంతులుగారు కనిపెట్టిన మార్గం ఉత్పత్తిదారుల-వినియోగదారుల సహకార సంఘాలు. జనం వాటిని పి.సి.సి. సొసైటీలు అన్నారు. సహకార దుకాణాలు కొత్తవి కావు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 1844లో ఇరవై ఎనిమిదిమంది సామాన్యులు తలా కొంత వేసుకొని, కల్తీ లేని పిండి, వెన్న, పంచదార సరియైన తూకానికి అమ్మే దుకాణం తెరిచారు. మద్రాసులో తిరువల్లిక్కేణి సహకార సంఘం 1904 నుండి పనిచేస్తూ వచ్చింది. కాని అవి వినియోగదారుల సంఘాలు. కొనేవారికి చౌక కావాలి. రైతు అక్కడ సభ్యుడు కాడు. పంతులుగారి ఆలోచనలోని విశేషం ఏమంటే, పండించేవాడిని, తినేవాడిని ఒకే సంఘంలో వాటాదారులుగా కూర్చోబెట్టడం. ఊరి సంఘమే రైతు వద్ద ధాన్యం కొంటుంది. ఆ సంఘమే బియ్యం, పంచదార, కిరసనాయిలు, గుడ్డ వంటి నియంత్రిత సరకులను కార్డుదారులకు అమ్ముతుంది. మిగిలిన లాభం తిరిగి సభ్యులకే చెందుతుంది. ధర విషయంలో తగవు వస్తే అది బజారులో కాక సంఘం సమావేశంలో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తీరాలి.

దీనికి తోడుగా 1946 చివరలో ఫిర్కా అభివృద్ధి పథకం మొదలైంది. ఫిర్కా అంటే తాలూకాలో కొన్ని గ్రామాల సముదాయం. రాష్ట్రమంతటా మొదట 34 ఫిర్కాలను ఎన్నుకొని, బావులు, బాటలు, పారిశుద్ధ్యం, పంచాయతులు, సహకార సంఘాలు, ఖద్దరు, కుటీర పరిశ్రమలు, వీటన్నిటినీ కలిపి ఒకే పనిగా చేపట్టారు. 1952లో దేశమంతటా సమాజ వికాస పథకాలు రావడానికి ఆరేళ్ళ ముందే మద్రాసు రాష్ట్రంలో ఈ ప్రయోగం జరిగింది.

ఈ ప్రయత్నం సాఫీగా సాగలేదు. తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేస్తున్న వర్తకులు తమ జీవనం పోతున్నదని వ్యతిరేకించారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ధాన్యం నిలువచేయడం, రవాణా చేయడం, అప్పు ఇవ్వడం ఒక విద్య. దానిని సంఘాలు రాత్రికి రాత్రి నేర్చుకోలేవు. లెక్కలు తెలిసిన గుమాస్తాలు, గిడ్డంగులు కొరవడ్డాయి. కొన్నిచోట్ల సంఘాలు స్థానిక రాజకీయాలకు చిక్కాయి. కొత్త మిల్లుల విస్తరణను ఆపి ఖద్దరును ప్రోత్సహించాలన్న పంతులుగారి విధానం మీద కూడ విమర్శలు చెలరేగాయి. నెమ్మదిగా నచ్చజెప్పడం ఆయన స్వభావం కాదు. పార్టీలో అసమ్మతి పెరిగి, పదకొండు నెలలు తిరగకుండానే, 1947 మార్చిలో ఆయన పదవి నుండి దిగవలసి వచ్చింది. ఆ తరువాత సంఘాలు ఆయన తలపెట్టిన రూపంలో నిలువలేదు.

పథకం నిలువలేదన్న కారణంతో ఆలోచన తప్పని చెప్పగలమా? 1947 చివర దేశంలో ఆహార నియంత్రణలు సడలించగా ధరలు ఎగబ్రాకాయి. 1948లో మళ్ళీ నియంత్రణలు విధించవలసి వచ్చింది. పంతులుగారు ఎత్తిచూపిన సమస్య ఆయనతోపాటు పదవి దిగి వెళ్ళిపోలేదు. ఆయన లోపం తొందర. ఆయన చూపు మాత్రం సూటిగా అసలు చోటనే పడింది.

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15వ తేదీన మద్రాసులో ఆత్మార్పణ చేసిన తరువాత ఆంధ్ర రాష్ట్రం సాధ్యమైంది. మద్రాసు మాత్రం ఆంధ్రులకు దక్కలేదు. బారిస్టరుగా, పత్రికాధిపతిగా, మంత్రిగా తన జీవితంలో అధికభాగం గడిపిన నగరాన్ని వదిలి, 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలులో, 81 ఏళ్ళ వయస్సులో, పంతులుగారు ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి కృష్ణా డెల్టా రైతు గుండె దడదడలాడుతూ ఉంది. 19వ శతాబ్ది నడుమ బెజవాడ వద్ద కట్టిన ఆనకట్ట 1952లో దెబ్బతిన్నది. దాని కిందనున్న లక్షలాది ఎకరాల వరిపొలాలకు నీరు లేకపోతే రైతుకే కాదు, బియ్యం కొనుక్కొనే పట్నవాసికి కూడ ముప్పే. 1954 ఫిబ్రవరిలో కొత్త బ్యారేజికి శంకుస్థాపన జరిగింది. ఆ ఏడే నవంబరులో ఆయన ప్రభుత్వం శాసనసభలో ఒక్క వోటు తేడాతో పడిపోయింది. బ్యారేజి పని మాత్రం ఆగలేదు. 1957 డిసెంబరులో అది ప్రారంభమైనప్పుడు దానికి ప్రకాశం బ్యారేజి అని పేరు పెట్టారు. చూడడానికి ఆయన లేరు.

ఆ ఏడు వేసవిలో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడకు వెళ్ళిన పంతులుగారికి వడదెబ్బ తగిలింది. హైదరాబాదులో ఆసుపత్రిలో చికిత్స పొందుతూ 1957 మే 20వ తేదీన పరమపదించారు. 84 ఏళ్ళ వయస్సులో నడియెండలో పేదల వాడకు వెళ్ళడం ఆయన జీవితానికి తగిన ముగింపే. లక్షలు ఆర్జించినవాడు వెనుక ఆస్తి మిగల్చలేదు. ఆయన పుట్టిన జిల్లాకు 1972లో ఆయన శతజయంతి సందర్భంగా ప్రకాశం పేరు పెట్టారు.

చెన్నైలో ఆయన పేరు మోస్తున్నది జార్జిటౌనులోని బ్రాడ్వే. నేడది ప్రకాశం రోడ్డు. ఆ దాపుననే కొత్వాల్ చావడి ఉంది. 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా నగరానికి కూరగాయలు పంచిపెట్టిన బజారు అదే. తెల్లవారకముందే బండ్లు దిగే సరకుకు రైతు చేతికి వచ్చే ధర ఒకటి, మధ్యాహ్నానికి వీధి అంగడిలో గృహిణి చెల్లించే ధర మరొకటి. ఆ రెంటి మధ్యనున్న దూరాన్ని తగ్గించాలని జీవితమంతా తపించిన మనిషి పేరు ఆ వీధికే అమరడం విశేషం.

ఆయన ఆలోచన ఇతర రూపాలలో తిరిగి చిగురించింది. 1999 జనవరి 26వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజారులు, అదే ఏడు నవంబరు 14న తమిళనాడులో మదురైలో ఉళవర్ సందై ప్రారంభమయ్యాయి. దళారి లేకుండా రైతే తన సరకు తానే తూచి అమ్మే ఏర్పాటు ఇది. పిల్లల అన్నం విషయంలోను ఈ నగరానికి ఒక వారసత్వం ఉంది. 1920లో సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలంలో మద్రాసు కార్పొరేషన్ పాఠశాలలో బాలలకు అన్నం పెట్టే పని మొదలైంది. 1956 తరువాత కామరాజుగారి కాలంలో ఊరి ప్రజల విరాళాలతో అది రాష్ట్రమంతటా వ్యాపించింది. రైతు ఇచ్చిన బస్తా, వర్తకుడు ఇచ్చిన పప్పు, తల్లి ఇచ్చిన పిడికెడు బియ్యం కలిసి బడిలో ఉడికాయి.

ప్లాటినం జూబిలీ జరుపుకొనే పాఠశాల ఏదైనా ఇటువంటి పిడికెళ్ళతో నిలిచినదే. పరీక్ష రుసుము కోసం ఏ తల్లీ చీర తాకట్టు పెట్టవలసిన అవసరం లేకుండా చూడడం పూర్వ విద్యార్థుల బాధ్యత. చురుకైన పేదబిడ్డను గుర్తించి చేయిపట్టి నడిపించడం ఉపాధ్యాయుల బాధ్యత. కంచంలోని అన్నం వెనుకనున్న రైతును పిల్లలకు గుర్తుచేయడం తల్లిదండ్రుల బాధ్యత. పోగుచేసిన ప్రతి రూపాయికీ పద్దు రాసి నలుగురి ముందు పెట్టడం అందరి బాధ్యత. వీటిలో మొదటి మూడు ప్రకాశం పంతులుగారి జీవితం నేర్పిన పాఠాలు. నాలుగవది ఆయన పడిన ఇబ్బంది నుండి మనం నేర్చుకోవలసిన పాఠం.